పినైల్ ఇంప్లాంట్ పాడైతే: రివిజన్ ఆపరేషన్ ఖర్చు ముందే లెక్క తేల్చుకోవడం ఎలా

నరసన్నపేట నుంచో బొబ్బిలి నుంచో వైజాగ్‌లోని ఏదో ఆస్పత్రికి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "ఇంప్లాంట్ మార్చడానికి ఎంతవుతుందండీ?" అని అడిగితే అవతలివాళ్ళు ఒక అంకె చెబుతారు. ఆ అంకెను నమ్ముకుని బంగారం బ్యాంకులో పెట్టకండి. మీకున్నది ఏ రకమో (పంపు నొక్కి లేపేదా, చేత్తో వంచే రాడ్లదా), ఎప్పుడు పెట్టారో, ఎందుకు పాడైందో వాళ్ళకి తెలియదు. మొదటిసారి ఆపరేషన్ రేటుకే కాస్త కలిపి చెప్పి ఉంటారు. రివిజన్‌కి, అంటే అంగస్తంభన కోసం లింగంలో పెట్టిన పరికరాన్ని సరిచేయడానికో మార్చడానికో చేసే మలి ఆపరేషన్‌కి, ఒకే రేటంటూ ఉండదు. ఓపీలో పది నిమిషాల్లో తేలిపోయేదీ ఉంది. రెండు ఆపరేషన్లు, నడుమ నెలల ఎదురుచూపు, పైన కొత్త వస్తువు కలిసి తడిసి మోపెడయ్యేదీ ఉంది. అందుకే "ఎందుకు పాడైంది" అన్నది ముందు తేల్చుకోండి, "ఎంత" అన్నది తర్వాత అడగండి.

ఈ గుర్తులుంటే డబ్బు సంగతి పక్కన పెట్టండి

వృషణాల సంచి ఎర్రబడి వాచిందా? పంపు ఉన్నచోట చర్మం దానికి అతుక్కుపోయి కదలడం లేదా? కుట్టు దగ్గర చీము, జ్వరం, రోజురోజుకీ పెరిగే నొప్పి ఉన్నాయా? లోపలి రాడ్డు గానీ ట్యూబు గానీ చర్మం చీల్చుకుని బయటికి కనబడుతోందా, మూత్రం దారిలో తగులుతోందా? వీటిలో ఏది ఉన్నా అది ఇన్ఫెక్షనో, ఇంప్లాంట్ తొలుచుకుని బయటికి రావడమో అయి ఉంటుంది. సిరిమానోత్సవం వెళ్ళాక చూద్దాం, కోతలయ్యాక చూద్దాం అంటే కుదరదు. ఆ రోజే యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాలి. షుగర్ ఉన్నవాళ్ళకు నొప్పి తక్కువగా తెలుస్తుంది. కాబట్టి నొప్పి లేదు గదా అని ధైర్యం తెచ్చుకోకండి. ఆలస్యం ప్రాణం మీదికి తేవచ్చు, ఖర్చును కూడా బాగా పెంచుతుంది. ఎలాగో కింద లెక్కలో చూపిస్తాను.

ఈ గుర్తులేవీ లేకుండా కేవలం పనిచేయడం మానేసిందంటే మాత్రం కంగారు లేదు. లోపలి నుంచి కారింది ఉప్పునీరే, దాన్ని ఒళ్ళు పీల్చేసుకుంటుంది. నెలలు ఆగినా పెద్దగా ప్రమాదం ఉండదు. ఈలోపు డబ్బు కూడబెట్టుకోవచ్చు, నలుగురు డాక్టర్లను అడగవచ్చు.

మొదటి పని: అసలు పాడైందో లేదో తేల్చుకోండి

మూడు భాగాల పంపు ఇంప్లాంట్‌లో లింగంలో రెండు సిలిండర్లు, సంచిలో పంపు, పొట్ట కింది భాగంలో నీటి తిత్తి ఉంటాయి. పంపు నొక్కితే తిత్తిలోని ఉప్పునీరు సిలిండర్లలోకి వస్తుంది. దించడానికి పంపు మీద ఉన్న బొత్తాన్ని కొన్ని క్షణాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. చాలామంది దాన్ని ఫోన్ బటన్‌లా టక్కున నొక్కి వదిలేసి, దిగడం లేదని పాడైపోయిందనుకుంటారు. కొన్నాళ్ళు వాడకపోతే పంపు బిగుసుకుపోవడం కూడా ఉంది. డాక్టర్ చేత్తో గట్టిగా నొక్కి దాన్ని విడిపించగలరు. ఇలాంటివాటికి ఓపీ ఫీజు, బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

నిజంగానే నీరు కారిపోయిందా అన్నది చాలావరకు అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. తిత్తి ఖాళీగా ఉంటే విషయం తేలినట్టే. ఆ స్కాన్ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చేయించుకోవచ్చు, దానికోసం హైదరాబాద్ వెళ్ళక్కర్లేదు. అయితే స్కాన్ చేసే డాక్టర్‌కి లోపల ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి. చెప్పకపోతే పొట్టలో కనబడే తిత్తిని ఇంకేదో గడ్డ అని రాసే ప్రమాదం ఉంది, అప్పుడు లేని రోగానికి ఇంకో నాలుగు పరీక్షలు.

గోడల మీద, బస్సుల వెనక కనబడే "సెక్స్ సమస్యలకు గ్యారంటీ వైద్యం" వాళ్ళ దగ్గరికి మాత్రం ఈ పని మీద వెళ్ళకండి. లోపల ఉన్నది ఒక పరికరం. దాన్ని నూనెలు, లేహ్యాలు బాగుచేయలేవు.

రెండో పని: కారణాన్ని బట్టి ఖర్చు ఏ మెట్టు మీద ఉందో చూడండి

అన్నిటికంటే చిన్న మెట్టు, లింగం మొన ముందుకు వాలిపోవడం. సిలిండర్ కొలత సరిగానే ఉంటే చిన్న ఆపరేషన్‌తో మొనను కుట్టి నిలబెడతారు. కొత్త వస్తువు అక్కర్లేదు కాబట్టి ఖర్చులో పెద్ద భాగం మిగిలిపోతుంది. సిలిండరే పొట్టిదైతే దాన్ని మార్చాల్సిందే, అది వేరే లెక్క.

రెండో మెట్టు, పరికరం దానంతటది చెడిపోవడం. ట్యూబు తెగడం, సిలిండర్ ఒకచోట ఉబ్బిపోవడం, పంపు పోవడం ఇందులోకి వస్తాయి. పంపు ఇంప్లాంట్లు చాలావరకు పదేళ్ళో అంతకుమించో పనిచేస్తాయి, కానీ యంత్రం యంత్రమే. వంచే రాడ్ల రకంలో కదిలే భాగాలు లేవు గనక ఈ బాధ తక్కువ. ఇక్కడ జనం అడిగే మామూలు ప్రశ్న ఒకటుంది: "పాడైన ముక్క ఒక్కటే మార్చితే చవకగా అయిపోదా?" పెట్టి ఏడాదో రెండేళ్ళో అయినప్పుడైతే అలా చేసే వీలుండవచ్చు. పాతబడ్డాక మాత్రం ఎక్కువమంది సర్జన్లు మొత్తం మార్చేయమంటారు. మిగిలిన భాగాల వయసూ అంతే, రేపు అవీ పోవచ్చు. పైగా పాత ముక్కల మీద కంటికి కనబడని సూక్ష్మజీవుల పొర పేరుకుని ఉంటుంది, దాన్ని లోపలే వదిలేస్తే ఇన్ఫెక్షన్ భయం. మొత్తం మార్చి, లోపలంతా యాంటీబయాటిక్ నీళ్ళతో కడిగితే ఆ భయం తగ్గుతుందని తేలింది. కాబట్టి మొత్తం మార్చాలన్న మాటలో దోపిడీని వెతకనక్కర్లేదు. పాత తిత్తిని తీయడం కష్టమైతే ఖాళీ చేసి లోపలే వదిలేయడమూ ఉంది, అది తప్పు కాదు, ఆపరేషన్ టైమ్ కలిసొస్తుంది.

మూడో మెట్టు, ఇన్ఫెక్షన్. మొదటిసారి ఆపరేషన్‌లో ఇది నూటికి ఒకరి నుంచి ముగ్గురిదాకా వస్తుంది, రివిజన్‌లో అంతకంటే ఎక్కువ. ఇక్కడ రెండు దారులు. పాతదంతా తీసేసి, మందు నీళ్ళతో బాగా కడిగి, అదే బల్ల మీద కొత్తది పెట్టేయడం ఒకటి. 1990లలో అమెరికా యూరాలజిస్టు జాన్ మల్కాహీ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు, సాల్వేజ్ అంటారు. ఎంచి చేసిన రోగుల్లో ఎక్కువమందికి ఇది నిలబడుతుంది. రెండోది, ఇప్పుడు తీసేసి, మానాక కొన్ని నెలలకు మళ్ళీ పెట్టడం. చీము ఒంట్లోకి పాకినా, షుగర్ అదుపు తప్పి కణజాలం కుళ్ళుతున్నా రెండో దారే గతి. కానీ ఈ నెలల్లో లోపల మచ్చకట్టి లింగం కుంచించుకుపోతుంది. తర్వాతి ఆపరేషన్ కష్టమవుతుంది, సన్న సిలిండర్లు కావాల్సి రావచ్చు, పొడవూ తగ్గుతుంది.

లెక్క అర్థం కావడానికి ఊహించిన గుండ్రని అంకెలు తీసుకుందాం. ఇవి ఏ ఆస్పత్రి రేట్లూ కావు. ఆపరేషన్, గది, మందులు కలిపి లక్షన్నర. పంపు వస్తువు నాలుగు లక్షలు. రాడ్ల వస్తువు అర లక్ష అనుకోండి. పరికరం చెడి మార్చితే ఐదున్నర లక్షలు. ఇన్ఫెక్షన్ వచ్చి ఒకే బల్ల మీద సాల్వేజ్ చేస్తే అదనపు మందులకు అర లక్ష కలిపి ఆరు. తీసేసి ఆగి మళ్ళీ పెడితే ఆపరేషన్లు రెండు గనక మూడు లక్షలు, నడుమ మందులకు అర లక్ష, వస్తువు నాలుగు, వెరసి ఏడున్నర. అదే సాల్వేజ్‌లో పంపుకి బదులు రాడ్లు పెడితే రెండున్నరకే తేలుతుంది. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చాలామంది సర్జన్లు రాడ్లే పెడదామంటారు. వైద్యపరంగానూ దానికి ఆధారం ఉంది: లోపలి చోటు కుంచించుకుపోకుండా కాపాడుతుంది, కావాలంటే తర్వాత పంపు పెట్టుకోవచ్చు. రాడ్లతోనే సంతోషంగా ఆగిపోయేవాళ్ళూ ఉన్నారు. నా అభిప్రాయంలో చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళు డాక్టర్‌ని నోరు తెరిచి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

తొలుచుకుని బయటికి వచ్చిన ఇంప్లాంట్ సంగతి దీనికి దగ్గరే. కనీసం ఆ వైపు రాడ్డు తీసి, కేథటర్ పెట్టి, మూత్రనాళం మానేదాకా ఆగాలి. నడుము కింద స్పర్శ లేనివాళ్ళకు, ముదిరిన షుగర్ ఉన్నవాళ్ళకు రాడ్ల రకంలో ఈ ప్రమాదం ఎక్కువ.

మూడో పని: పాత కాగితాలు పట్టండి

ఇంప్లాంట్ డబ్బాలో చిన్న స్టిక్కర్లు వస్తాయి. కంపెనీ పేరు, మోడల్, సిలిండర్ పొడవు సెంటీమీటర్లలో, లాట్ నంబరో సీరియల్ నంబరో వాటి మీద ఉంటాయి. ఒకటి కేస్ షీటులో అంటిస్తారు, ఒకటి మీకిచ్చే కార్డు మీద. ఆ కార్డు బీరువాలో ఇంటి పన్ను రసీదుల మధ్య ఎక్కడో ఉంటుంది, వెతకండి. దాంతోపాటు ఆపరేషన్ నోట్స్ కావాలి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటీ చాలదు. కోత పైనుంచి పెట్టారా, సంచి దగ్గర పెట్టారా, తిత్తి ఏ వైపు ఉంది, పొడవు సరిపోవడానికి సిలిండర్ల వెనక అతుకులు ఎన్ని వేశారు అన్నవి ఆ నోట్స్‌లోనే ఉంటాయి. ఇవి ముందే తెలిస్తే కొత్త సర్జన్ సరైన కొలతల డబ్బాలే తెప్పించుకుంటారు, లోపల వెతుకులాట తగ్గుతుంది.

మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం డాక్టర్లు ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్ళు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇక్కడే చిక్కు. ఇంప్లాంట్ చెడేది ఎనిమిదో ఏటో పదో ఏటో, అప్పటికి ఆస్పత్రిలో ఫైలు ఉంటుందన్న భరోసా లేదు. ఇంప్లాంట్ బాగానే పనిచేస్తున్నవాళ్ళు ఇది చదువుతుంటే ఈ వారమే రాసిచ్చి జిరాక్సు తెచ్చుకోండి.

వారంటీకి కూడా ఈ నంబర్లే ఆధారం. కొన్ని కంపెనీలు పరికరం చెడితే కొత్తది ఇస్తాయి, కానీ నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికా వెబ్‌సైట్‌లో ఉన్నది మనకు వర్తిస్తుందని అనుకోకండి. సర్జన్ ద్వారా గానీ డీలర్ ద్వారా గానీ రాతపూర్వకంగా మూడు సంగతులు అడగండి: మన దేశంలో నా మోడల్‌కి వారంటీ ఉందా, ఎన్నాళ్ళు, ఇన్ఫెక్షన్‌తో తీసేసినా వర్తిస్తుందా. వారంటీ ఉన్నా మామూలుగా వస్తువు వరకే. సర్జన్ ఫీజు, థియేటర్, గది మీ ఖర్చే. తీసిన పాత పరికరాన్ని కంపెనీకి తిప్పి పంపాలన్న షరతు కూడా సాధారణం. ఈ సంగతి ఆపరేషన్‌కి ముందే సర్జన్‌కి, థియేటర్ సిస్టర్‌కి చెప్పి ఉంచండి. లేకపోతే అది వ్యర్థాల సంచిలోకి వెళ్ళిపోతుంది, దాంతోపాటే మీ క్లెయిమూ పోతుంది.

నాలుగో పని: ఎస్టిమేట్‌ని ముక్కలుగా రాయించుకోండి

కౌంటర్ దగ్గర నలుగురి ముందు ఈ ఆపరేషన్ పేరు చెప్పాలంటే ఎవరికైనా మొహమాటమే. డాక్టర్ చేత చీటీ మీద "రివిజన్ ఆఫ్ పినైల్ ప్రోస్థెసిస్" అని రాయించుకుని, ఆ చీటీ అద్దం కిందనుంచి లోపలికి తోసెయ్యండి. నోరు తెరవక్కర్లేదు. పేరు సరిగ్గా పడితే ఎస్టిమేట్ కూడా సరిగ్గా వస్తుంది. చాలామంది ఇంట్లో "హెర్నియా ఆపరేషన్" అని చెప్పి వస్తారు, అది మీ ఇంటి విషయం. ఆస్పత్రి కాగితాల మీద, ఇన్సూరెన్స్ ఫారం మీద మాత్రం ఆ మాట రాయించకండి, క్లెయిమ్ పోవడానికి అదొక్కటి చాలు.

ప్యాకేజీ మొత్తం ఒకే అంకెగా ఇస్తే తీసుకోవద్దు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, గది ఎన్ని రోజులు, పరీక్షలు, మందులు, పరికరం, పరికరంతో వచ్చే విడి సామాను అని విడివిడిగా రాయమనండి. పంపు ఇంప్లాంట్‌కి అతికించే సామాను కిట్ కొన్నిచోట్ల వేరే బిల్లులో పడుతుంది. గది అద్దె రోజుకు 5,000 రూపాయలు దాటితే, ఐసీయూ తప్ప, దాని మీద 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. అంతకు లోపు గది తీసుకుంటే అదీ తప్పుతుంది, సర్జన్ ఫీజు కూడా కొన్ని ఆస్పత్రుల్లో గది స్థాయిని బట్టే పెరుగుతుంది.

ఇక ఎవరూ అడగని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆపరేషన్ మధ్యలో కొలత కుదరక రెండో డబ్బా తెరవాల్సి వస్తే ఆ వృథా ఎవరి ఖాతాలో? ముందు మామూలు రిపేరనుకుని కోసి చూస్తే లోపల చీము కనబడితే ప్లాన్ ఏంటి, అప్పుడు బిల్లు ఎంత? పంపు పెట్టడం వీలుకాక రాడ్లతో సరిపెడితే వస్తువు ధరలో తేడా తిరిగిస్తారా? ఈ మూడింటికీ ఎస్టిమేట్ కాగితం మీదే జవాబు రాయించుకోండి. మన దగ్గర వాడే రాడ్లలో ముంబై డాక్టర్ రూపిన్ షా రూపొందించిన షా ఇంప్లాంట్‌కి లావు సర్దుకోవడానికి ఊడదీసే తొడుగులుంటాయి, కాబట్టి కొలత కుదరక ఇంకో డబ్బా తెరవడం తక్కువ. విదేశీ పంపు ఇంప్లాంట్లతో పోలిస్తే ధర కూడా బాగా తక్కువ.

వస్తువు ధర దగ్గర బేరానికి చోటుంది. గుండె స్టెంట్లకు, మోకాలి ఇంప్లాంట్లకు 2017లో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. పినైల్ ఇంప్లాంట్లకు అలాంటి కట్టడి లేదు. వైద్య పరికరాల ఎమ్మార్పీ ఏడాదిలో 10 శాతం మించి పెంచకూడదన్న నియమం మాత్రం ఉంది. ఎమ్మార్పీకీ ఆస్పత్రి కొన్న ధరకీ మధ్య తేడా ఉంటుందని అక్కడున్న అందరికీ తెలుసు. కాబట్టి "డీలర్ నుంచి నేరుగా కొనుక్కొస్తే ఒప్పుకుంటారా?" అని అడగండి. ఒప్పుకోకపోయినా ఆ ఒక్క ప్రశ్నకే కొంత తగ్గే అవకాశం ఉంది. డబ్బా మీద ఎమ్మార్పీ, గడువు తేదీ, సీల్ చూడకుండా మాత్రం ఎక్కడా కొనకండి.

ఎస్టిమేట్లు రెండు మూడు చోట్ల తీసుకోండి, కానీ పక్కపక్కన పెట్టి అడుగున ఉన్న మొత్తాన్నే పోల్చకండి. మీరు ఇప్పటిదాకా ఎన్ని రివిజన్లు చేశారు, అందులో ఇన్ఫెక్షన్ ఎందరికి వచ్చింది అని సర్జన్‌ని అడగండి. వైజాగ్‌లో యూరాలజిస్టులకు కొదవ లేదు. కానీ ఈ పనిని తరచుగా చేసే చేతులు ఎక్కడైనా తక్కువే, అవసరమైతే హైదరాబాదో చెన్నైయో వెళ్ళడం తప్పు లెక్కేం కాదు. మచ్చకట్టిన లింగంలో చోటు చేయడం కొత్త చేతికి కష్టం. యాభై వేలు తక్కువ చెప్పిన చోట రెండో ఇన్ఫెక్షన్ వస్తే మిగిలేదేమీ లేదు.

ఐదో పని: ఎవరు కడతారో చూడండి

ఇన్సూరెన్స్ పాలసీ పుస్తకంలో మినహాయింపుల పేజీ తెరవండి. అంగస్తంభన లోపానికి చేసే చికిత్సను చాలా పాలసీలు పేరుపెట్టి మినహాయిస్తాయి. అయినా అక్కడే ఆగిపోవద్దు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ వల్లో, ప్రమాదం వల్లో మొదటి ఇంప్లాంట్ పెట్టి ఉంటే ఆ కారణం స్పష్టంగా రాసిన డాక్టర్ లెటర్ జత చేయండి. చీము పట్టి ప్రాణం మీదికొచ్చిన అడ్మిషన్‌ని ఇన్ఫెక్షన్ చికిత్సగా పరిశీలించమని కోరండి. ఒప్పుకుంటారన్న హామీ లేదు, కానీ అడగకపోతే వచ్చేదే లేదు. ప్రీ-ఆథరైజేషన్, అంటే కంపెనీ ముందస్తు అనుమతి, రాతపూర్వకంగా తీసుకోండి. 2024 నిబంధనల ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో బీమా కంపెనీ తేల్చాలి. తిరస్కరిస్తే ఏ క్లాజు కింద అన్నది రాసి ఇమ్మనండి. కంపెనీకి ఫిర్యాదు చేసి 30 రోజులు చూసి, జవాబు నచ్చకపోతే ఏడాది లోపు బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి పెట్టవచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, కార్డు ఉన్నవాళ్ళు ఆస్పత్రిలో కౌంటర్ దగ్గరున్న మిత్రని (పథకం తరఫు ఉద్యోగిని) అడిగేటప్పుడు రెండు ప్రశ్నలు విడిగా అడగండి: ఈ రివిజన్‌కి ప్రొసీజర్ కోడ్ ఉందా, లేకపోతే ఇన్ఫెక్షన్ శుభ్రం చేసే ఆపరేషన్‌కి ఉందా. 104కి ఫోన్ చేసినా చెబుతారు. ప్రభుత్వ ఉద్యోగులకు ఈహెచ్ఎస్ అనే ఆరోగ్య పథకం ఉంటుంది. మన జిల్లాల్లో మాజీ సైనికుల ఇళ్ళు చాలా ఉన్నాయి. అత్యవసరమైతే తప్ప వాళ్ళు తమ ఆరోగ్య పథకమైన ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకున్నాకే అడ్మిట్ అవ్వాలి, ముందే చేరిపోతే గొడవ. వైజాగ్ కేజీహెచ్ లాంటి ప్రభుత్వ పెద్దాస్పత్రిలో సర్జన్ ఫీజు, థియేటర్ ఖర్చు తప్పవచ్చు, వస్తువు మాత్రం కొనుక్కోవాల్సి రావచ్చు. ముందు యూరాలజీ ఓపీకి వెళ్ళి ఈ ఆపరేషన్ చేస్తున్నారా అని కనుక్కోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టవచ్చు. సొంత ఊరి ఎమ్మెల్యే ఆఫీసులో ఆ ఫైలు ఎందరి చేతులు మారుతుందో మాత్రం ఆలోచించుకోండి.

అప్పు తప్పకపోతే బ్యాంకులో బంగారం మీద తీసుకోండి. బయట నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం, మూడు లక్షల మీద నెలకు 15,000. పరికరం చెడిన కేసైతే ఆ అప్పు అసలు అక్కర్లేదు. జీడిపిక్కలు అమ్మిన డబ్బు వచ్చేదాకా ఆగండి.

ఆరో పని: షుగర్, కిడ్నీ సంగతి సరిచేసుకోండి

ఈ ఖర్చంతటిలో చవకగా పడి ఎక్కువ మిగిల్చేది ఇదే. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. ఎనిమిది దాటి ఉంటే, అది అత్యవసరం కాని ఆపరేషన్ అయితే, చాలామంది సర్జన్లు ముందు దాన్ని దించుకుని రమ్మంటారు. విసుక్కోవద్దు, ఇన్ఫెక్షన్ ఖర్చు ముందు ఆ మూడు నెలల మందులు ఏపాటివి? మూత్రం కల్చర్ పరీక్షలో ఏమైనా ఉంటే దానికీ ముందే మందు వాడాలి. గజ్జల్లో తామర, పుండ్లు ఉన్నా అంతే. బీడీ, చుట్ట మానేస్తే గాయం త్వరగా మానుతుంది.

ఉద్దానం వైపు నుంచి వెళ్ళేవాళ్ళు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చేతిలో పెట్టుకునే వెళ్ళండి. కవిటి, సోంపేట, పలాస వైపు మగాళ్ళలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో వైజాగ్ డాక్టర్లకు తెలుసు, కానీ మీ సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది. ఇలాంటి ఆపరేషన్లలో వాడే జెంటామైసిన్ లాంటి మందులు కిడ్నీ మీద భారం వేస్తాయి. డోసు తగ్గించాలా, మందే మార్చాలా అన్నది ముందే తేలాలి. డయాలసిస్‌లో ఉన్నా, కిడ్నీ మార్పిడి అయినా నెఫ్రాలజిస్టు లెటర్ లేకుండా తేదీ తీసుకోవద్దు.

ఏడో పని: దారి ఖర్చు, పని మానుకునే రోజులు కలపండి

విజయనగరం నుంచి విశాఖ దాదాపు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 100 దాటి. మొదటి ఓపీ, పరీక్షలు, మత్తు డాక్టర్ చెకప్, ఆపరేషన్, కుట్లు చూపించుకోవడం, నాలుగు నుంచి ఆరు వారాలకు పంపు నొక్కడం నేర్చుకోవడం, ఇన్నిసార్లు తిరగాలి. పరీక్షలూ మత్తు డాక్టరూ ఒకే రోజు వచ్చేలా అడిగితే ఒక రాకపోక తగ్గుతుంది. ఆపరేషన్ అయ్యాక తిరుగు ప్రయాణం మాత్రం బస్సులో పెట్టుకోవద్దు. వాపు మీద కూర్చుని ఆ కుదుపులు తట్టుకోలేరు. వెనక సీట్లో పడుకునే వీలున్న కారు మాట్లాడుకోండి. హైదరాబాద్ నుంచైతే స్లీపర్‌లో కింది బెర్తు బుక్ చేసుకోండి, శ్రీకాకుళం వైపు వాళ్ళు ఆమదాలవలసలో (శ్రీకాకుళం రోడ్ స్టేషన్) దిగండి.

బరువులెత్తే పని ఒక నెల నుంచి నెలన్నర మానాలి. భార్యాభర్తల కలయిక కూడా డాక్టర్ సరేనన్నాకే, మామూలుగా ఆరు వారాలకు. కూలికి, ఆటోకి, వలకు వెళ్ళేవాళ్ళు ఆ రోజుల ఆదాయం కూడా ఖర్చు కిందే రాసుకోండి. తోడు వచ్చేవాళ్ళ తిండి, లాడ్జి, వాళ్ళ కూలి కూడా.

డిశ్చార్జ్ రోజు

బిల్లు కట్టే ముందు ఎస్టిమేట్ కాగితం తీసి వరుసగా టిక్కు పెట్టుకుంటూ చూడండి. వస్తువు ఖరీదు దగ్గర లాట్ నంబరు పడిందో లేదో చూసి, డబ్బా మీది స్టిక్కర్‌తో సరిపోల్చండి. వాడని మందులు ఫార్మసీలో తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకోండి. కల్చర్ రిపోర్టు మూడు నాలుగు రోజులకు వస్తుంది, అది ఫోన్‌లో పంపమని నంబరు రాసిచ్చి రండి. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో అందులోనే ఉంటుంది. కొత్త కార్డు, ఆపరేషన్ నోట్స్, బిల్లు మూడింటినీ అక్కడే ఫోటో తీసి, మీ ఫోన్‌తోపాటు నమ్మకమైన ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టించండి. పరికరంలోనే లోపం ఉందని సర్జన్ తేల్చి చెబితే, వైద్య పరికరాల లోపాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ మెటీరియోవిజిలెన్స్ పథకానికి రిపోర్టు పంపమని ఆయన్నే అడగండి. చికిత్సలో నిర్లక్ష్యం అనుకుంటే రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలి. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదు ఫీజు ఉండదు.